బండరేవు ఎవరి ఊరు

బండరేవు నా ఊరు. పటంలో వెతక్కండి, దొరకదు. తార్నాకలో మా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద పుట్టిన ఊరు అది. సముద్రం లేని రేవు. ప్రతి పౌర్ణమికీ అక్కడి బండరాళ్లు అలల్లాగా కదులుతాయి, వాటి మీద పడవలు నడుస్తాయి. మా అమ్మ వాళ్లది కోస్తాలో సముద్రం ఒడ్డు. మిషన్ బడిలో టీచరుగా ఉద్యోగం వస్తే ఇటు వచ్చేసింది. నేను పుట్టి పెరిగింది రాళ్ల మధ్య. యూనివర్సిటీ హాస్టళ్ల వెనకాల ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న బండల్ని చూస్తూ, అమ్మ చెప్పే సముద్రం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని. అసలు సముద్రాన్ని చూసేసరికి నాకు పదో తరగతి అయిపోయింది. చూసి, ఇంతేనా అన్నాను. అమ్మకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ లెక్చరర్ని. తెలుగు చెబుతాను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం బండరేవులో ఉంటాను.

ఈ ఆట తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మా ఇంట్లో అది నేను. మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. కోటగోడ దూకుతానని ఎవరైనా అంటే, దూకారో కాలు విరిగిందో పాచిక చెబుతుంది. పాచికలంటే ఆరు ముఖాలవే కాదు, ఇరవై ముఖాలవి కూడా ఉంటాయి. దూకితే ఎంత పడాలి, కత్తి తగిలితే ఏమవుతుంది అనే నియమాలన్నీ ఒక విదేశీ కంపెనీ అచ్చువేసిన లావుపాటి పుస్తకంలో ఉంటాయి. నియమాలు వాళ్లవి. ఊరూ మనుషులూ కొట్లాటలూ మావి. మేం అలాగే అనుకునేవాళ్లం.

మొదటిసారి ఆ పాచికలు బల్ల మీద దొర్లినప్పుడు అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఆదివారం పూట ఇంట్లో పాచికలేంటే? సిలువ కింద ప్రభువు బట్టల కోసం చీట్లేసినోళ్లకీ మీకూ తేడా ఏముంది?"

"డబ్బులు లేవమ్మా ఇందులో. కథ చెప్పుకుంటాం, అంతే."

"కథకి పాచికెందుకు? నోరు లేదా?"

ఆమె ప్రార్థన కూడిక సాయంత్రం ఐదింటికి అదే బల్ల చుట్టూ జరుగుతుంది కాబట్టి, నాలుగున్నరకల్లా మా పాచికలూ మేమూ మాయమైపోవాలని ఒప్పందం చేసుకుని ఊరుకుంది. సంఘం ఆడవాళ్లు వచ్చేసరికి బల్ల కింద ఒక్క పాచిక దొరికినా ఆ వారమంతా నాకు ఇంట్లో కాఫీ కరువు.

ఆడేవాళ్లలో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒకమ్మాయి జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి చదువుకి వచ్చి, హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరింది. మేం ఆమెను హబ్సిగూడ అనే పిలుస్తాం. రెండోవాడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, మా క్యాంపస్‌లోనే న్యాయశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. కోర్టు మెట్లెక్కింది లేదు, అయినా మాకు ప్లీడరుగారే. ఇద్దరూ నన్ను అక్కా అంటారు, ఇద్దరూ నా మాట వినరు.

బండరేవును పుస్తకం చేద్దామన్నది హబ్సిగూడ. ఎవరు కొనుక్కున్నా వాళ్ల ఇంట్లో వాళ్లు ఆడుకోగలిగేలా ఊరి పటం, మనుషులు, కథలు, అవసరమైన నియమాలు అన్నీ తెలుగులో. మామూలుగా ఇలాంటివి ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి. మా క్యాంపస్‌లోనే ఎంతమంది పిల్లలు ఈ ఆట గురించి విని, ఆ పుస్తకం తెరిచి, రెండో పేజీలో దణ్ణం పెట్టి మూసేశారో నాకు తెలుసు. నాకు వెంటనే ఒంట్లోకి ఊపు వచ్చేసింది.

ప్లీడరు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు అక్కా. నియమాలు ఓనియి? వాళ్లయి. మనం అచ్చేసి అమ్మాలంటే వాళ్ల షర్తులు ఏందో చూడాలె."

చూశాడు. రెండు దారులున్నాయన్నాడు.

మొదటిది బహిరంగ లైసెన్సు. కంపెనీ తన నియమాల్లో ఒక భాగాన్ని అందరికీ వదిలేసింది. వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మా సొంత ఊరు మాదే అవుతుంది. కాకపోతే, నియమాలు ఎక్కడివో చెప్పే రెండు వాక్యాలు వాళ్లు ఇచ్చినవి ఇచ్చినట్టు పుస్తకంలో వేయాలి. వాళ్లు తమకే అట్టిపెట్టుకున్న రాక్షసుల్ని, ఊళ్లని, దేవుళ్లని ముట్టుకోకూడదు. వాళ్లు మన వెనకాల ఉన్నట్టు ఎక్కడా అనిపించకూడదు.

రెండోది కంపెనీ సొంత ఆన్‌లైన్ బజారు. అక్కడ అమ్మితే వాళ్ల రాక్షసుల్నీ ఊళ్లనీ అన్నింటినీ వాడుకోవచ్చు. పైగా కొనేవాళ్లంతా ఇప్పటికే అక్కడే ఉన్నారు.

హబ్సిగూడ ఎగిరి గంతేసింది. "అక్కా, గీ రెండో దారే మంచిగున్నది. మనుషులు గాడనే ఉన్నరు. మనం గీడ కూసొని ఎవరి కోసం చూస్తం?"

"ఫాయిదా ఉన్నది, కాదంటలేను. షర్తు కూడ విను," అన్నాడు ప్లీడరు. "ఒకసారి గాడ వెడితే ఇంకోకాడ అమ్మొద్దు. గా బజార్ల రాసేటోళ్లు ఎవరైనా మన బండరేవుని తీసుకొని వాడుకోవచ్చు. మనం మాత్రం దాన్ని బయటికి తీసుకపోలేం. రేపు వేరే ఆట కోసం రాయాలన్నా, ఉత్త కథల పుస్తకమే వెయ్యాలన్నా కుదరది."

నేను ఒంటికాలి మీద లేచాను. "నా ఊళ్లోకి నేను వెళ్లడానికి ఎవడి పర్మిషనో కావాలా?"

"ఊరు కాగితం మీదిది అక్కా," అంది హబ్సిగూడ.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కాగితం మీదిదే. నాకు సొంతిల్లు లేదు. ఉద్యోగం ప్రతి సంవత్సరం రెన్యువల్ అయితేనే ఉన్నట్టు. ఆంధ్రా వెళితే హైదరాబాదు పిల్ల అంటారు, ఇక్కడ నోరు తెరిస్తే మీది ఏ జిల్లా అని అడుగుతారు. ఇది మాది అని నేను గట్టిగా చెప్పుకోగలిగింది ఆ కాగితపు ఊరొక్కటే. దాన్ని ఇంకొకడి బజార్లో కట్టేసి రావడమంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఇదంతా ఆరోజు వాళ్లకు చెప్పలేదు, అరిచాను అంతే. రెండు ఆదివారాలు ఆట లేదు. మూడో ఆదివారం టిఫిన్ సెంటర్ నుంచి దోశలు కట్టించుకుని వచ్చి హబ్సిగూడ, "సరే, నీ ఊరు నీదే. తిను ముందుగాల," అంది. మొదటి దారి ఖాయమైంది.

అసలు తంటా అప్పుడు మొదలైంది. ఏళ్ల తరబడి ఆటను తెలుగులోనే ఆడాం. ఇంగ్లిష్ పేర్లు పలకడం విసుగొచ్చి రాక్షసులకూ మంత్రాలకూ ఎప్పటికప్పుడు మా పేర్లు మేం పెట్టేసుకున్నాం. అవి నోళ్లలో నాని నాని ఎంత మావైపోయాయంటే, ఏది కంపెనీ పుస్తకంలోదో, ఏది మా బల్ల మీద పుట్టిందో ఒక్కరికీ గుర్తులేదు. ఒక్కో పేరూ పట్టుకుని, ఇది ఎవరి బిడ్డ అని విచారణ చేయాల్సి వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది.

అందరికన్నా పెద్ద దెబ్బ కంటిదొర. బండరేవు సుంకం వసూలు చేసే అధికారి. గాలిలో తేలే పెద్ద కన్ను, దాని చుట్టూ చిన్న కళ్లు. హబ్సిగూడకీ అతనికీ ఎప్పట్నుంచో వైరం. అతన్ని ఎలా బోల్తా కొట్టించాలా అని ల్యాబ్‌లో కూర్చుని కూడా ఆలోచించేదిట. అతను కంపెనీ తమకే ఉంచుకున్న రాక్షసుల్లో ఒకడని తేలింది.

"పేరు మార్చినం కదా! తెలుగుల పెట్టినం కదా!" అని పోట్లాడింది హబ్సిగూడ.

"పేరు మారిస్తే మనిషి మారుతడా? గదే కన్ను, గదే గాలిల తేలుడు. తీసెయ్యాలె," అన్నాడు ప్లీడరు.

కంటిదొర పోయాక రేవు బోసిపోయింది. సుంకం వసూలు చేసేవాడు లేకుండా రేవేమిటి, దొంగసరుకేమిటి, కథేమిటి? వారం రోజులు నాకు ఏమీ తోచలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం తార్నాక కూరగాయల దగ్గర వంకాయల కోసం బేరమాడుతున్నాను. పుచ్చులున్నాయి, తూకంలో మోసం ఉంది, నిన్న ఇంకోచోట తక్కువకే ఇచ్చారు అని ఏకరువు పెట్టాను. ఆఖరిది పచ్చి అబద్ధం. అమ్మే ఆవిడ వినీ వినీ, "మీ మాటలు గూడ కాంటా మీద పెట్టుండ్రి అమ్మా, వంకాయలకన్న బరువున్నయి," అంది. నేను వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి పరుగు తీశాను.

అలా తూనికదొర పుట్టాడు. తల ఉండాల్సినచోట త్రాసు ఉంటుంది. రేవులోకి వచ్చేవాళ్లు తమ సరుకేమిటో నోటితో చెప్పాలి. ఆ మాట ఒక పళ్లెంలో పడుతుంది, నిజమైతే బరువుగా దిగుతుంది, అబద్ధమైతే దూదిలా పైకి లేస్తుంది. మొదటి ఆదివారమే హబ్సిగూడ అతని ముందు నిలబడి, అబద్ధం ఆడకుండా నిజం దాచడానికి నానా తిప్పలు పడి, చెమటలు కక్కి, చివరికి బల్ల గుద్ది నవ్వింది. "వీడు వానికన్న హరామి ఉన్నడు అక్కా!" నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఒక్క లైసెన్సు షరతు మా చేత అంత మంచి దుర్మార్గుణ్ణి పుట్టించింది.

పుస్తకం పూర్తయింది. ముషీరాబాద్‌లో ఒక చిన్న ప్రెస్‌కు ఇచ్చాం. ఆన్‌లైన్‌లో ఎవరి పుస్తకాలైనా అమ్మిపెట్టే ఒక అంగడిలో కూడా పెట్టాం. క్యాంపస్‌లో, మా డిపార్ట్‌మెంట్ వరండాలో శనివారం ఆవిష్కరణ అని అందరికీ చెప్పేశాం.

ఇక మిగిలింది కృతజ్ఞతల పేజీ. అది నేనే రాశాను. తెలుగులో పుస్తకం వేసినవాళ్లకు ఆ పేజీ ఎంత పెద్ద పనో తెలుసు. పెద్దలందర్నీ తలచుకోవాలి. ముందుమాట రాసినవారికి, రాస్తానని రాయనివారికి, చూసి చిరునవ్వు నవ్వినవారికి కూడా నమస్కారాలు పెట్టాలి. ఒక్క పేరు మర్చిపోతే పదేళ్లు మాటలుండవు. అందులోనూ పక్కన అమ్మ. "ఎవరి పుస్తకం మీద ఆడుతున్నారో వాళ్లకి నాలుగు మంచి మాటలు రాయకపోతే ఎట్టాగే? మర్యాద కాదు." నాకూ నిజమే అనిపించింది. నిజంగానే ఆ కంపెనీ మీద నాకు ప్రేమ ఉంది. ఆ నియమాలే లేకపోతే బండరేవు లేదు. కలం జోరు మీదుంది. "మా చిన్న ప్రయత్నాన్ని పెద్ద మనసుతో ఆశీర్వదించి, అడుగడుగునా సహకరించిన సంస్థ పెద్దలకు శిరసు వంచి నమస్కరిస్తున్నాం" అని కంపెనీ పేరుతో సహా రాశాను. అది చాలదన్నట్టు అట్ట వెనక "వారి సౌజన్యంతో" అని కూడా వేయించాను. ఆ పెద్దలకు మేం భూమ్మీద ఉన్నామన్న సంగతే తెలియదు.

ఇది అబద్ధమన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. షరతులన్నీ కాచి వడబోసిన ప్లీడరు కూడా కృతజ్ఞతల పేజీ చదవలేదు. దాన్ని ఎవరు చదువుతారు? తమ పేరుందో లేదో చూసుకోవడానికి తప్ప ఎవరూ చదవరు.

ఆన్‌లైన్ అంగడివాళ్లు చదివారు. పుస్తకం గురించి ఇంగ్లిష్‌లో వివరం ఇమ్మంటే, నిజాయితీపరురాలైన మా హబ్సిగూడ ఆ పేజీని కూడా పొల్లుపోకుండా అనువదించి పెట్టింది. ఆశీస్సులు, సహకారం, సౌజన్యం, ఏదీ వదల్లేదు. ఆవిష్కరణకు ఇంక నాలుగు రోజులుందనగా వాళ్ల నుంచి జవాబు వచ్చింది. ఈ పుస్తకాన్ని ఆ సంస్థ ఆమోదించి సహకరించినట్టు రాశారు, అనుమతి చూపించండి లేదా తొలగించండి, అప్పటిదాకా అమ్మకం నిలిపేస్తున్నాం.

ప్లీడరుకు ఫోన్ చేశాను. ముందు పడీపడీ నవ్వాడు. "ఎప్పుడొచ్చిన్రు అక్కా వాళ్లు నిన్ను ఆశీర్వదించనీకి? నాకు చెప్పకపోతివి!" తర్వాత నవ్వు ఆపేశాడు. "నవ్వులాట కాదు గిది. వాళ్లు మన వెనక ఉన్నరని చెప్పుకోవద్దు. లైసెన్సుల గదే ముఖ్యం. చెప్పుకుంటే నియమాలు వాడుకునే హక్కే పోతది. హక్కు పోతే మన పుస్తకం ఉత్త కాగితాలే."

"ఇప్పుడేం చేద్దాం?"

"తప్పు తెలిసినంక నెల రోజుల గడువున్నది, గా లోపల సరిచేస్తే హక్కు వాపస్ వస్తది. ప్రెస్సుల ఏమైందో చూడు ముందు."

ఊరు పోతుందన్న భయంతో ఒక బజారును కాదనుకున్నాను. ఇప్పుడు చేతులారా రాసిన నమస్కారాలతో అదే ఊరిని పోగొట్టుకునేలా ఉన్నాను. తార్నాకలో ఆటో ఎక్కి ముషీరాబాద్ చేరేదాకా డ్రైవర్ ఏం మాట్లాడాడో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ప్రెస్‌లో లోపలి పేజీలన్నీ అచ్చయ్యాయి, అట్టలూ అచ్చయ్యాయి. దేవుడి దయ, బైండింగ్ మాత్రం మొదలుకాలేదు. మొదటి పేజీలన్నీ కలిసి అచ్చయ్యే ఫారాన్ని, అట్టను మళ్లీ వేయాలి, అంతే. ప్రెస్ ఆయన, "ఏముందండీ అంత తప్పు? నమస్కారమే కదా పెట్టారు," అని నోరెళ్లబెట్టాడు. ఆయన దగ్గర అచ్చయ్యే ప్రతి పుస్తకంలోనూ అలాంటి పేజీ ఉంటుంది మరి.

ఇంటికొచ్చి కొత్త పేజీ రాయడానికి కూర్చున్నాను. లైసెన్సు అడిగిన రెండు వాక్యాలు, అక్షరం మార్చకుండా వాళ్ల ఇంగ్లిష్‌లోనే రాశాను. కింద వాటి తెలుగు అర్థం. తెలుగులోకి మార్చింది మేమే అని ఇంకో వాక్యం. అయిపోయింది. కాగితం ఖాళీగా కనిపించింది. అలవాటు కొద్దీ చేయి పెద్దల కోసం వెతుక్కుంటోంది. కంపెనీవాళ్లు పోతే ఇంకెవరు? డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా పెద్దాయన రెండు మాటలు రాస్తారా? రాయరు, ఇదేం చదువని అడుగుతారు.

అమ్మ వెనక నుంచి చదివింది. "ఇంత పొడిగానా? పెద్దవాళ్ల పేరొక్కటీ లేకుండా పుస్తకమేంటే, దిక్కులేనిదానిలాగా?"

"మేమున్నాంగా అమ్మా దానికి దిక్కు!"

కోపంలో అన్నాను. అనేశాక ఆ మాట నాకే బాగా నచ్చింది. చిన్నప్పటి నుంచి నేను చదివిన ప్రతి పుస్తకం ముందు ఎవరో ఒక పెద్దమనిషి నిలబడి, ఇది మంచి పిల్లే, లోపలికి రానివ్వండి అని సిఫారసు చేసేవాడు. మేం కూడా ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న కంపెనీని తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాం. తమను అక్కడ నిలబెట్టొద్దని వాళ్ల లైసెన్సే చెబితే తప్ప, గుమ్మం మాదే అని మాకు తెలియలేదు. ఆ పేజీలో రెండు వాక్యాల కింద నేనొక్కటే మాట చేర్చాను. "బండరేవును మేం కట్టాం. బాగున్నదీ బాగాలేనిదీ మాదే." కింద మా పేర్లు. ప్లీడరు చదివి, "ఎవరు ఆశీర్వదిస్తలేరా?" అని అడిగి, ఎవరూ లేరంటే, "జబర్దస్త్," అన్నాడు.

హక్కుల పేజీ కూడా అప్పుడే ఖరారు చేశాం. కంపెనీ నియమాలకు మేం చేసిన తెలుగు ఎవరైనా వాడుకోవచ్చు. బండరేవు, దాని మనుషులు, తూనికదొర మాత్రం మావి, అడగనిదే ముట్టుకోవద్దు. ఆ వాక్యాన్ని నేనే చెప్పి రాయించాను. ఊరికి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నంత సంతోషం కలిగింది నాకు.

శుక్రవారం పరీక్ష హాల్లో కాపలా డ్యూటీలో ఉండగా హబ్సిగూడ నుంచి ఫోన్ మీద ఫోన్. తీయడానికి లేదు. డ్యూటీ అయ్యాక చూస్తే పది మెసేజ్‌లు, అన్నింట్లోనూ ఒకటే మాట. సరిచేసిన పేజీ చూసి అంగడివాళ్లు పుస్తకాన్ని అమ్మకానికి వదిలేశారు. వరండాలో నిలబడి ఒక్కదాన్నే గట్టిగా ఈల వేశాను. చేతిలో పేపర్ల కట్టతో వెళుతున్న సీనియర్ మేడం ఒకావిడ ఆగి చూసింది. చూడనీ అనుకున్నాను.

శనివారం వరండాలో మూడు బల్లలు వేశాం, మూడూ చాల్లేదు. మధ్యాహ్నానికి మెట్ల మీద కూడా గుంపులు కట్టి ఆడుతున్నారు. నిజామాబాద్ యాస, గుంటూరు యాస, పాతబస్తీ యాస అన్నీ కలిసి రేవులోకి దొంగసరుకు దాటిస్తున్నాయి. రెండో పేజీలో దణ్ణం పెట్టి పారిపోయినవాళ్లు లేరు. ఇంగ్లిష్ పుస్తకంతో క్యాంటీన్‌లో ఒక మూల ఆడుకునే గుంపువాళ్లు వచ్చి, కాసేపు నిలబడి చూసి, తర్వాత కుర్చీలు లాక్కున్నారు.

మూడింటికి అమ్మ వచ్చింది, సంఘం ఆడవాళ్లు ఇద్దర్ని వెంటేసుకుని. ఆదివారం కాదు కాబట్టి పరవాలేదట. హబ్సిగూడ ఆమెను పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నేను తూనికదొరనయ్యాను.

"ఏం సరుకు తెచ్చావు?" అని గంభీరంగా అడిగాను.

"ఎండుచేపలు," అంది అమ్మ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"మూట అడుగున?"

బడిలో ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి. నన్ను ఎగాదిగా చూసింది. "నీ త్రాసు సరైందని ఎవరు తనిఖీ చేశారు? ముందది చూపించు, తర్వాత నా మూట చూద్దువుగాని."

అది నియమాల్లో లేదు. వరండా అంతా గొల్లుమంది. పాచిక వేయమన్నాను. అమ్మ దాన్ని చీడపురుగును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని వదిలింది. ఇరవై పడింది. ఇరవై ముఖాల పాచికలో అంతకు మించి లేదు. తూనికదొర సిగ్గుతో పళ్లేలు ముడుచుకుని, ఆమెను సుంకం లేకుండా రేవులోకి వదిలేశాడు. అమ్మ లేచి సంఘం ఆడవాళ్ల వైపు తిరిగి, "మా అమ్మాయి రాసిందే ఇదంతా," అంది. నా గురించి ఆమె నలుగురిలో అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. త్రాసు తల వంచుకుని దాచుకున్నాను.

సర్దుకుంటుండగా ముగ్గురు పిల్లలు వచ్చారు. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నవాళ్లట, పొద్దున బస్సుకు వచ్చి, పుస్తకం కొనుక్కుని అప్పట్నుంచీ మెట్ల మీద ఆడుతూనే ఉన్నారట. ఒక సంచిలో మా పుస్తకం, అప్పుడే మూలలు మడతలు పడిపోయి ఉంది. వాళ్లలో పొడుగమ్మాయి ముందుకొచ్చింది.

"మేడం, మేము ఆడుకుంట ఆడుకుంట బండరేవుల జరిగే ఒక కథ అల్లినం. మస్తు మంచిగొచ్చింది. పుస్తకం లెక్క వేసి అమ్ముకుందమనుకుంటున్నం. మీరు అడగకుండ ముట్టొద్దని రాసిన్రు కదా, అందుకే అడుగుదామని వచ్చినం."

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. షరతులు చెప్పడానికి అతని వేళ్లు లెక్కపెట్టడం కూడా మొదలుపెట్టాయి. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను.

"కథేమిటి?" అని అడిగాను.

ఆ అమ్మాయి కొంచెం నసిగింది. "మా కథల... రేవు మొత్తం కాలిపోతది మేడం."

నా రేవు. నా పడవలు, నా బండలు, ఇన్నేళ్ల ఆదివారాలు. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనగలను కూడా. ఊరు నాది, కాగితం మీద ఆ మాటా రాసి ఉంది. ఆ రెండో దారిలో పోయి ఉంటే ఈ పిల్లలు నన్ను అడగాల్సిన పనే లేదు, నేను ఇవ్వగలిగిందీ ఏమీ లేదు. ఇక్కడ, ఈ వరండాలో, బస్సెక్కి వచ్చి నా ఊరి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు. నా జీవితంలో ఎవరూ నన్ను అలా అడగలేదు.

"తగలబెట్టుకోండి," అన్నాను. "రాసుకోండి, మీ పేరు మీదే అమ్ముకోండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"అక్కా!" అన్నాడు ప్లీడరు.

"ఊరు నాదేగా? ఇస్తున్నాను."

పిల్లలు ఒకరినొకరు చూసుకుని, నమ్మలేక, ఆ తర్వాత ఒక్కసారిగా అరిచారు. పొడుగమ్మాయి నా చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. వాళ్లు మెట్లు దిగిపోతుంటే నాకు ఉండబట్టలేదు. వెనక నుంచి కేకేశాను.

"ఏయ్, రేవు కాలిపోయాక ఏమవుతుంది?"

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. "గది కొనుక్కొని చదవాలె మేడం!"

మొదటి కాపీ నాకే ఇవ్వాలని అక్కడికక్కడే మాట తీసుకున్నాను.